ఆగినప్పుడే పట్టుకోవాలి!

ఏసీ పూర్తిగా పాడైతే బాగుచేయడం పెద్ద కష్టమేం కాదు. ఓ గంట తిరిగి, ఓ అరగంట ఆగి, మెకానిక్ మెట్లెక్కే సమయానికి మళ్లీ బుద్ధిగా తిరిగితేనే తలనొప్పి. ఇండోర్ యూనిట్‌లోని బ్లోయర్ మోటారు ఇలా దోబూచులాడుతుంటే లోపం ఎక్కడుందో ఎలా కనిపెట్టాలి? ఐటీఐ విద్యార్థికైనా బీటెక్ పట్టభద్రుడికైనా ఇది మంచి పరీక్షే. ఒక్కో మెట్టూ ఎక్కుతూ చూద్దాం.

ఎండాకాలంలో సర్వీసు వాళ్లకు వచ్చే ఫోన్లలో ఇదొకటి. 'చల్లగాలి ఉన్నట్టుండి ఆగిపోతోంది. కాసేపటికి దానంతటదే వస్తోంది' అంటారు. మనిషి వెళ్లి స్విచ్ వేస్తే ఏసీ హాయిగా నడుస్తుంటుంది. ఏమీ చేయకుండా తిరిగొస్తే బాగుండదు కాబట్టి ఒకరు గ్యాస్ తగ్గిందంటారు, ఇంకొకరు బోర్డు పోయిందంటారు. ఏదో ఒకటి మారుస్తారు. నాలుగు రోజులు నడుస్తుంది. ఐదో రోజు కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఇక్కడ చిన్న లెక్క ఉంది. లోపం నాలుగు రోజులకోసారి కనిపిస్తోంది అనుకుందాం. పార్టు మార్చాక రెండు రోజులు బాగా నడిస్తే ఏం తేలినట్టు? ఏమీ తేలలేదు. మార్చకపోయినా ఆ రెండు రోజులు నడిచేదే. అందుకే ఇలాంటి వచ్చిపోయే లోపాల విషయంలో 'మార్చి చూద్దాం' పద్ధతి డబ్బు ఖర్చు చేయిస్తుందే తప్ప జవాబు చెప్పదు.

లోపల ఏముంటుంది?

స్ప్లిట్ ఏసీ ఇండోర్ యూనిట్‌లో చల్లటి కాయిల్ వెనకాల పొడవాటి గొట్టంలాంటి చక్రం ఉంటుంది. దాని చుట్టూ సన్నటి రెక్కలుంటాయి. అదే బ్లోయర్. ఒక చివర మోటారు తిప్పుతుంది, రెండో చివర చిన్న రబ్బరు బుష్‌లో కూర్చుని తిరుగుతుంది. గదిలోని వేడిగాలిని లాగి, కాయిల్ మీదుగా పంపి, చల్లబరిచి బయటికి తోయడం దీని పని.

పాత మోడళ్లలో ఇది మామూలు ఏసీ మోటారు. పక్కన 1 నుంచి 2 మైక్రోఫారడ్‌ల చిన్న కెపాసిటర్ ఉంటుంది. వేగం మార్చడానికి కొన్నింటిలో మూడు వైర్లు, మూడు రిలేలు ఉంటాయి. మరికొన్నింటిలో బోర్డు మీద ట్రయాక్ ఉంటుంది, మోటారు ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పడానికి లోపల హాల్ సెన్సర్ ఉంటుంది. వైండింగ్ మరీ వేడెక్కితే కరెంటు తెంచేసి, చల్లారాక మళ్లీ కలిపే థర్మల్ ప్రొటెక్టర్ కూడా మోటారులోనే ఉంటుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

బ్లోయర్ ఆగి, బయట కంప్రెసర్ మాత్రం నడుస్తూ ఉంటే కాయిల్ మీదికి గాలి రాదు. తేమ మంచుగా గడ్డకడుతుంది. తర్వాత అది కరిగి గోడ మీద నీళ్లు కారతాయి. ఆ మంచు చూసి 'గ్యాస్ తక్కువైంది' అనేస్తారు. నిజానికి గ్యాస్ తగ్గినా మంచు కడుతుంది, గాలి తగ్గినా కడుతుంది. తేడా ఏమిటంటే గ్యాస్ తక్కువైనప్పుడు మంచు సాధారణంగా గ్యాస్ లోపలికొచ్చే వైపు కాయిల్‌లో కొంత భాగంలోనే మొదలవుతుంది. గాలి ఆడకపోతే కాయిల్ అంతటా పరుచుకుంటుంది. గ్యాస్ నింపే ముందు ఈ ఒక్కటి చూసినా చాలా ఇళ్లలో అనవసర ఖర్చు తప్పుతుంది.

ముందు రిమోట్ చూడండి

స్క్రూ డ్రైవర్ తీసే ముందు రిమోట్ చేతిలోకి తీసుకోండి. 'డ్రై' మోడ్‌లో ఉంటే చాలా మోడళ్లలో బ్లోయర్ నెమ్మదిగా తిరగడం, మధ్యలో కాసేపు ఆగడం మామూలే. అది లోపం కాదు, ఆ మోడ్ పద్ధతే అంత. ఫ్యాన్ వేగం 'ఆటో'లో ఉంటే గది చల్లబడ్డాక గాలి బాగా తగ్గిపోయి, ఆగిందేమో అనిపిస్తుంది. టైమర్ పెట్టి మరిచిపోయేవాళ్లూ ఉంటారు.

కాబట్టి 'కూల్' మోడ్ పెట్టి, ఫ్యాన్ వేగం 'హై'లో ఉంచి, టైమర్ తీసేసి ఒకరోజు నడపండి. అప్పుడూ ఆగితేనే మనం వెతకాల్సింది ఏదో ఉన్నట్టు. ఫిల్టర్లు కూడా ఇప్పుడే కడిగేయండి. ఆ పని ఇంట్లో ఎవరైనా చేయొచ్చు.

ఓ కాగితం, ఓ పెన్ను

వచ్చిపోయే లోపానికి మొదటి పరికరం మల్టీమీటర్ కాదు, కాగితం. ఆగిన ప్రతిసారీ ఇవి రాయమని ఇంట్లోవాళ్లకు చెప్పండి.

• ఎన్నింటికి ఆగింది? ఆన్ చేసిన ఎంతసేపటికి?
• మళ్లీ దానంతటదే వచ్చిందా? ఎంతసేపటికి?
• ఆగే ముందు మూలుగు, కీచుమనే చప్పుడు, కాలిన వాసన ఏమైనా ఉన్నాయా?
• యూనిట్ మీద లైటు ఎన్నిసార్లు మినుకుమంది? తెర ఉంటే ఏ కోడ్ కనిపించింది?
• అదే సమయంలో మోటారు, గీజరు లాంటివి ఆన్ చేశారా? స్టెబిలైజర్ ఎంత చూపించింది?

నాలుగైదు సార్లు రాస్తే ఒక వరస కనిపిస్తుంది. ఎప్పుడూ ముప్పావుగంట నడిచాకే ఆగి, అరగంట తర్వాత తిరుగుతోందంటే వేడిని అనుమానించాలి. ఆన్ చేసిన కొద్ది సెకన్లకే ఆగి, మళ్లీ ప్రయత్నించి, మళ్లీ ఆగుతోందంటే హాల్ సెన్సర్ వైపు చూడాలి. మోటారు తిరుగుతున్నా ఆ సంగతి బోర్డుకు తెలియకపోతే, ఏదో ఇరుక్కుందనుకుని బోర్డే ఆపేస్తుంది. ఏ వరసా లేకుండా, తలుపు గట్టిగా వేసినా ఆగుతోందంటే ఎక్కడో కనెక్షన్ వదులైంది.

సాయంత్రాలు వోల్టేజీ పడిపోయినప్పుడే ఆగుతుంటే దానికీ కారణం ఉంది. ఈ రకం మోటారు బలం వోల్టేజీ వర్గానికి అనుపాతంలో ఉంటుందని పుస్తకంలో చదువుకున్నాం కదా. 230 వోల్టులు 180కి పడితే బలం దాదాపు 40 శాతం తగ్గిపోతుంది. కాస్త బిగుసుకున్న బ్లోయర్‌ని తిప్పడానికి మిగిలింది చాలకపోవచ్చు.

ఒకే ప్రశ్న, రెండు దారులు

ఇప్పుడు అసలు ఘట్టం. బ్లోయర్ ఆగి ఉన్న ఆ నిమిషంలోనే ఒక ప్రశ్నకు జవాబు కావాలి. మోటారు దగ్గరికి కరెంటు వస్తోందా, లేదా? ఈ ఒక్క కొలతతో అనుమానితుల జాబితా సగానికి తెగుతుంది. ఏసీ బాగా నడుస్తున్నప్పుడు ఎన్ని కొలతలు తీసినా ఈ జవాబు దొరకదు.

కరెంటు వస్తున్నా తిరగట్లేదంటే బోర్డు తన పని చేస్తోంది. ఇక చూడాల్సింది మోటారు, కెపాసిటర్, బ్లోయర్. ఎంసీబీ ఆపేసి బ్లోయర్‌ని చేత్తో తిప్పి చూడాలి. బరువుగా తిరిగితే బుష్, బేరింగ్, పేరుకున్న మట్టి, పక్కకు రాసుకుపోవడం లాంటివి కారణం. తేలిగ్గా తిరుగుతూ, కరెంటు ఇచ్చినప్పుడు మాత్రం మూలుగుతూ నిలబడిపోతే కెపాసిటర్‌ని అనుమానించాలి. దాని మీద ముద్రించిన విలువ, మీటరు చూపించే విలువ పోల్చాలి. సాధారణంగా 5 శాతం అటూఇటూ ఉండొచ్చు. 1.5 ఉండాల్సింది 0.9 చూపిస్తే మార్చేయడమే. మూలుగు కూడా లేకుండా, మోటారు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే థర్మల్ ప్రొటెక్టర్ తెరుచుకుని ఉండొచ్చు.

కరెంటే రావట్లేదంటే మోటారుని వదిలేసి వెనక్కి వెళ్లాలి. ప్లగ్గులు వదులయ్యాయా, పిన్నులు నల్లబడ్డాయా? బోర్డు వెనకవైపు రిలే, ట్రయాక్, కనెక్టర్ కాళ్ల దగ్గర టంకం చుట్టూ సన్నటి ఉంగరంలా పగులు కనిపిస్తోందా? భూతద్దంతో చూస్తేగానీ కనిపించని ఈ పగులు వేడెక్కితే విడిపోతుంది, చల్లారితే అతుక్కుంటుంది. చీమలు, బల్లులు బోర్డులోకి దూరడమూ మన ఇళ్లలో కొత్తేం కాదు. ఇవన్నీ బాగుంటే ఇంకో కోణం మిగులుతుంది. బోర్డు కావాలనే ఆపుతోందేమో! సెన్సర్ తప్పు కబురు పంపితే అలా జరుగుతుంది. లైటు మినుకులను సర్వీస్ మాన్యువల్‌తో పోల్చి చూడాల్సింది అప్పుడే.

గుంటూరులో ఓ మధ్యాహ్నం

మా పెద్దమ్మ వాళ్లది పాత మోడల్ ఒకటిన్నర టన్ను ఏసీ. మధ్యాహ్నం రెండు దాటితే బ్లోయర్ ఆగేది. మొదట వచ్చినాయన కెపాసిటర్ మార్చారు. నాలుగు రోజులు నడిచింది. రెండో ఆయన మంచు చూసి గ్యాస్ నింపారు. మూడో ఆయన బోర్డు మార్చాలని చెప్పి వెళ్లారు. అప్పటికే 3 వేల పైచిలుకు ఖర్చయింది, గది మాత్రం ఉడుకుతూనే ఉంది.

నాలుగోసారి వచ్చింది ఐటీఐ చదివి సొంతంగా పనిచేసుకుంటున్న ఇరవై రెండేళ్ల కుర్రాడు. వచ్చీ రాగానే యూనిట్ విప్పలేదు. 'ఎప్పుడాగుతుందమ్మా? రాత్రిళ్లు కూడానా? ఆగేముందు చప్పుడేమైనా వస్తుందా?' అని అడిగాడు. ఎక్కువగా మధ్యాహ్నమేననీ, ఆగేముందు కాస్త మూలుగుతుందనీ పెద్దమ్మ చెప్పింది. 'అయితే రేపు ఒంటిగంటకు వస్తా. ఆగేదాకా కూర్చుంటా. చూసినందుకు ఇంత తీసుకుంటా, పార్టు మార్చినా మార్చకపోయినా' అన్నాడు. 'కూర్చో నాయనా, దానిదేముంది' అంది ఆవిడ.

మర్నాడు చెప్పిన టైముకే వచ్చాడు. ముందు కవరు తీసి, ఏసీ ఆన్ చేసి, మజ్జిగ తాగుతూ కూర్చున్నాడు. యాభై నిమిషాలకు బ్లోయర్ నెమ్మదించి ఆగింది. వెంటనే మోటారు వైర్ల మధ్య మీటరు పెట్టాడు. 226 వోల్టులు. అంటే బోర్డు బాగానే ఇస్తోంది, మూడో ఆయన చెప్పిన ఖర్చు అవసరం లేదు. ఎంసీబీ ఆపేసి, మోటారు ప్లగ్గు తీసి వైండింగ్ కొలిచాడు. తెగిపోయినట్టు చూపించింది. మోటారు ఒళ్లు కాలుతోంది. అరగంట ఆగి మళ్లీ కొలిస్తే 300 ఓమ్‌ల పైచిలుకు వచ్చింది. వైండింగ్ కాలిపోలేదు, థర్మల్ ప్రొటెక్టర్ తెరుచుకుని మళ్లీ మూసుకుంది.

ఇక్కడే 'మోటారు మార్చాలి' అని తేల్చేయొచ్చు. అతను ఇంకో ప్రశ్న వేసుకున్నాడు. మోటారు ఎందుకు వేడెక్కుతోంది? బ్లోయర్‌ని మోటారు షాఫ్టుకు బిగించిన స్క్రూ వదులు చేసి, రెండింటినీ విడివిడిగా తిప్పి చూశాడు. షాఫ్టు వేలితో తాకితే తిరిగింది. బ్లోయర్ మాత్రం కదలడానికే మొరాయించింది. అవతలి చివరన బుష్ ఎండిపోయి బిగుసుకుంది, రెక్కల నిండా మట్టి పేరుకుంది. పాపం మోటారు ఆ బరువు లాగలేక వేడెక్కుతోంది. కొత్త కెపాసిటర్ కాస్త బలం పెంచింది కాబట్టే మొదట్లో నాలుగు రోజులు నెట్టుకొచ్చింది.

బుష్ మార్చి, బ్లోయర్ కడిగి బిగించాడు. రెండు గంటలు అదే ఎండలో నడిపి చూశాడు. పది రోజుల తర్వాత ఫోన్ చేసి 'మళ్లీ ఆగిందామ్మా?' అని అడిగాడు. నాలుగు రోజులకోసారి వచ్చే లోపం తగ్గిందని చెప్పడానికి పది రోజులు ఆగాలి కదా. బుష్ ఖరీదు వందల్లోనే. ఆ వీధిలో ఇప్పుడు ఎవరి ఏసీ ఆగినా అతనికే ఫోన్ వెళుతోంది.

కొత్త మోడళ్లలో తీరు వేరు

ఇప్పటి ఇన్వర్టర్ ఏసీల్లో చాలావాటికి బ్లోయర్ మోటారు బీఎల్‌డీసీ రకం. దీనికి కెపాసిటర్ ఉండదు. సాధారణంగా ఐదు వైర్లు వస్తాయి. ఒకదాంట్లో దాదాపు 310 వోల్టుల డీసీ, ఇంకోదాంట్లో లోపలి సర్క్యూట్‌కు 15 వోల్టులు, ఒకటి గ్రౌండ్, ఒకటి 'ఇంత వేగంగా తిరుగు' అని బోర్డు ఇచ్చే ఆదేశం, చివరిది 'ఇంత వేగంగా తిరుగుతున్నా' అని మోటారు చెప్పే జవాబు. రెండు వోల్టేజీలూ, ఆదేశమూ సరిగా ఉన్నా తిరగకపోతే మోటారుని అనుమానించాలి. వాటిలో ఏదో ఒకటి లేకపోతే బోర్డు, వైర్లు చూడాలి. మోటారు మారినా మనం వేసుకునే ప్రశ్న మాత్రం పాతదే.

ఒక జాగ్రత్త. కరెంటు ఉండగా ఈ మోటారు ప్లగ్గు పీకడం, పెట్టడం చేయకూడదు. మోటారులోని సర్క్యూటూ, బోర్డూ రెండూ దెబ్బతినొచ్చు.

ప్రాణం ముందు, పని తర్వాత

పైన చెప్పిన కొలతల్లో కొన్ని కరెంటు ఉండగా తీసేవి. శిక్షణ లేనివాళ్లు వాటి జోలికి వెళ్లొద్దు. రిమోట్ పరీక్ష, ఫిల్టర్ శుభ్రం, కాగితం మీద రాయడం వరకే ఇంటివాళ్ల పని. నేర్చుకుంటున్నవాళ్లు కూడా అనుభవమున్న మనిషి పక్కన ఉన్నప్పుడే చేయాలి. రిమోట్‌తో ఆపితే సరిపోదు, ఎంసీబీ దించాలి. ఇన్వర్టర్ బోర్డుల్లోని కెపాసిటర్లలో కరెంటు ఆపేశాక కూడా కాసేపు ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది. కొలిచి, తగ్గిందని తేలాకే ముట్టుకోవాలి. ఇప్పటి చాలా ఏసీల్లో వాడే ఆర్-32 గ్యాస్‌కు స్వల్పంగా మండే గుణం ఉంది. బ్లోయర్ పనిలో గ్యాస్ పైపులు విప్పాల్సిన అవసరమే రాదు.

ఇంటర్వ్యూలో అడిగితే?

'ఫ్యాన్ అప్పుడప్పుడూ ఆగుతోంది. ఏం చేస్తావ్?' సర్వీస్, క్వాలిటీ, మెయింటెనెన్స్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఇలాంటి ప్రశ్న రావొచ్చు. చాలామంది వెంటనే పార్టుల పేర్లు చదువుతారు. కెపాసిటర్ అయ్యుండొచ్చు, బోర్డు అయ్యుండొచ్చు... అంటూ. అడిగేవాళ్లకు కావాల్సింది మీరు ఏ వరసలో ఆలోచిస్తారన్నది. ఇలా చెప్పి చూడండి.

1. నిజంగా లోపమేనా, సెట్టింగేనా అని నిర్ధారించుకుంటాను.
2. ఏ పరిస్థితిలో వస్తోందో రాసుకుంటాను.
3. లోపం కనిపిస్తున్నప్పుడే కొలిచి, అనుమానాలను సగానికి తగ్గిస్తాను.
4. పాడైన పార్టు దొరికాక అది ఎందుకు పాడైందో వెతుకుతాను.
5. లోపం మామూలుగా వచ్చే వ్యవధి కన్నా ఎక్కువకాలం గమనించాకే బాగైందని చెబుతాను.

కంప్యూటర్ సైన్స్ వాళ్లు 'మాకెందుకిది' అనుకోవద్దు. రోజుకోసారి ఆగి, రీస్టార్ట్ చేస్తే నడిచే సర్వర్‌కీ ఈ ఐదు మెట్లే. కాగితం బదులు లాగ్ ఫైల్, మీటరు బదులు మానిటరింగ్ ఉంటాయి. రీస్టార్ట్ చేసి ఊరుకోవడం అంటే నాలుగు రోజుల కెపాసిటర్ వైద్యం లాంటిదే.

ఎక్కడ నేర్చుకోవచ్చు?

పదో తరగతి పాసైనవాళ్లకు ఐటీఐల్లో రిఫ్రిజరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడ్ ఉంది. కాలవ్యవధి రెండేళ్లు. తర్వాత అప్రెంటిస్‌షిప్ చేయొచ్చు. ఎలక్ట్రానిక్స్ సెక్టార్ స్కిల్స్ కౌన్సిల్ పరిధిలో ఏసీ ఫీల్డ్ టెక్నీషియన్ కోర్సు ఉంది. డిప్లొమా, బీటెక్‌లలో మెకానికల్, ఈఈఈ, ఈసీఈ చదివినవాళ్లకు సర్వీస్ ఇంజినీర్, టెస్టింగ్, ఫెయిల్యూర్ అనాలిసిస్ విభాగాల్లో అవకాశాలుంటాయి.

ఈ రంగం మీద ప్రభుత్వాల దృష్టీ ఉంది. 2019లో కేంద్రం ప్రకటించిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ లక్ష మంది సర్వీస్ టెక్నీషియన్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. ఏసీలు, ఎల్‌ఈడీల విడిభాగాలు ఇక్కడే తయారవ్వాలని 2021లో 6,238 కోట్ల రూపాయలతో ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహక పథకం తెచ్చారు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ ఏసీ ప్లాంట్లు నడుస్తున్నాయి. కిగాలీ ఒప్పందం ప్రకారం మన దేశం 2032 నుంచి హెచ్‌ఎఫ్‌సీ వాయువుల వాడకం తగ్గించుకుంటూ రావాలి. అంటే గ్యాసులు మారతాయి, యంత్రాలు మారతాయి, కొత్తవి నేర్చుకున్నవాళ్లకు పని ఉంటుంది.

ఇబ్బందులూ తెలిసి ఉండాలి. సీజన్‌లో కాల్స్ లెక్కన డబ్బులిచ్చే చోట గంటన్నర ఒకే ఇంట్లో కూర్చుంటే రెండు కాల్స్ పోతాయి. పార్టు మారిస్తే కమీషన్, కారణం కనిపెడితే ఏమీ లేదు అనే లెక్క ఉన్నంతకాలం మార్చి వెళ్లిపోవడానికే మొగ్గు ఉంటుంది. సొంతంగా చేసుకునేవాళ్లు గుంటూరు కుర్రాడిలా పరిశీలన రుసుము ముందే చెప్పేయడం మేలు. ఉద్యోగంలో ఉన్నవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చే ఫిర్యాదులను విడిగా రాసిపెట్టి పైవాళ్లకు చూపించొచ్చు. ఒకే ఇంటికి నాలుగుసార్లు మనిషిని పంపిన ఖర్చు కాగితం మీద కనిపిస్తే గంటన్నర సమయం అడగడం తేలికవుతుంది.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు కెపాసిటర్ కొలిచే సదుపాయమున్న మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి. మూల పడేసిన పాత టేబుల్ ఫ్యాన్ ప్లగ్గు తీసేసి, గురువుగారి పక్కనో, సీనియర్ పక్కనో కూర్చుని విప్పండి. చేత్తో తిప్పి బరువు చూడండి, వైండింగ్ ఓమ్‌లు కొలవండి, కెపాసిటర్‌ని మోటారు నుంచి విడదీసి, చార్జి తీసేశాక విలువ చూడండి. నోట్‌బుక్కులో రాసుకోండి. బాగా ఉన్న మోటారు ఎలా ఉంటుందో చేతికి అలవాటైతే, రేపు పాడైనదాన్ని తాకినప్పుడు తేడా తెలుస్తుంది.